బయటికొచ్చి తాగే నీళ్లు

పోయిన నెల మా ఆఫీసులో ఒక అమ్మాయిని చిన్న గదిలో కూర్చోబెట్టి, ఇక నీకు ఉద్యోగం లేదని చెప్పాల్సి వచ్చింది. ఆమె మేనేజర్ని కాబట్టి చెప్పాల్సినవాణ్ని నేనే. పక్కన హెచ్ఆర్ నుంచి వచ్చినావిడ, ఆవిడ ముందు ల్యాప్‌టాప్, టేబుల్ మధ్యలో మూత తీయని నీళ్ల సీసా. అనాల్సిన మాటలన్నీ పైనుంచి ఎవరో ముందే రాసి పంపారు. నేను చదివాను. మిమ్మల్ని కంపెనీ తీసేయడం లేదు, మీరే రాజీనామా చేస్తున్నట్టు ఒక మెయిల్ పెట్టండి, రికార్డు శుభ్రంగా ఉంటుంది అని హెచ్ఆర్ ఆవిడ ముగించింది. అమ్మాయి టేబుల్ వంక చూసి, "ఒక్క నిమిషం సార్, నీళ్లు తాగొస్త" అంది.

"వాటర్ ఇక్కడే ఉంది కదా" అని హెచ్ఆర్ ఆవిడ సీసా ముందుకు జరిపింది.

"లేదు మేడం, బయటికి పోయి తాగొస్త" అని లేచి, తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

హెచ్ఆర్ ఆవిడకు ఇదేం చోద్యమో అర్థం కాలేదు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ మాట ఎవరిదో నాకు తెలుసు. అది పుట్టిన ఆఫీసులో, అదే ఫ్లోర్‌లో అప్పుడు నేనున్నాను.

ఏళ్ల కిందట, హైటెక్ సిటీలో నా రెండో ఉద్యోగంలో, ఆ మాట అన్నావిడది నా పక్క కుర్చీ. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. ఆమె కన్నా వయసులో పెద్దవాళ్లు కూడా అక్కా అనేవాళ్లు. జర్మనీలో కొన్నేళ్లు పనిచేసి వచ్చింది కాబట్టి వెనకాల జర్మనీ అక్క అనేవాళ్లు. అసలు ఊరు శేరిలింగంపల్లి. పెళ్లయి వెళ్లింది పక్కనే ఉన్న నల్లగండ్లకు. "పుట్టింటికీ అత్తింటికీ నడుమ జర్మనీ తగిలింది" అని తనే నవ్వేది.

జర్మనీ నుంచి ఆమె తెచ్చుకున్నవి రెండే అలవాట్లు. ఒకటి, మధ్యాహ్నం క్యాంటీన్‌లో డబ్బా తెరుస్తూ చుట్టూ ఉన్నవాళ్లందరికీ "మాల్‌త్సైట్" అని చెప్పడం. తిండివేళ అయింది, హాయిగా తినండి అని అక్కడి ఆఫీసుల్లో పలకరింపట. డబ్బాలో సర్వపిండో పచ్చిపులుసన్నమో ఉండేది, నోట్లో మాత్రం జర్మన్ మాట. కొన్నాళ్లకు క్యాంటీన్‌లో ప్లేట్లు తీసే ఆవిడ కూడా మమ్మల్ని చూడగానే అదే మాట అనడం మొదలుపెట్టింది. రెండోది, సాయంత్రం ఆరు కాగానే ల్యాప్‌టాప్ మూత టప్పున మూసి, "ఇగ ఐపాయె" అని లేవడం. ఆ చప్పుడుకు మా మేనేజర్ ఉలిక్కిపడేవాడు. మిగతా మేమంతా ఆయన కదిలాకే కదిలే జాతి. ఆమె బ్యాగు తగిలించుకుని లిఫ్టు దాకా వెళ్తుంటే, బడి గంట కొట్టినా వదలని మాస్టారి క్లాసులో కూర్చున్నట్టు చూసేవాళ్లం.

అక్కడి ఉద్యోగం మంచిదా ఇక్కడి ఉద్యోగం మంచిదా అన్న పంచాయితీ మా కారిడార్‌లో ఎప్పుడూ తెగదు. రెండు ఆఫర్లు చేతిలో పెట్టుకుని తిరిగేవాళ్లు ఏ ఆఫీసులో చూసినా ఉంటారు. నోటీసు పీరియడ్ మూడు నెలలు కదా, ఆ మూడు నెలలూ ఒక ఆఫర్ చూపించి ఇంకోటి, దాన్ని చూపించి మరోటి పట్టడం మా దగ్గర విద్య. చేరతానన్న రోజున చేరకుండా ఫోన్ ఆపేసుకునే ఘనులూ ఉన్నారు. అక్క ఇది జర్మనీ వాళ్లకు చెబితే నమ్మలేదట. మాట ఇచ్చి రాకపోవడమేంటని ఆమె పాత మేనేజర్ పదేపదే అడిగాడట. "మా దగ్గర పెండ్లిచూపులు గిట్లనే ఉంటయ్ అని చెప్పిన. గప్పుడు సమజైంది ఆయనకు" అనేది.

ఎవరు రెండు ఆఫర్లతో వచ్చినా అక్క జీతం ఎంతని అడిగేది కాదు. ఒకటే అడిగేది: "ఇంట్ల ఎవరి ఒళ్లు బాగలేదు?"

చాలామందికి ఆ ప్రశ్న నచ్చేది కాదు. నాకు అసలే నచ్చలేదు. మాది గుంటూరు వైపు. శుభమా అని బయలుదేరుతుంటే ఒంట్లో బాగోలేనివాళ్ల సంగతి ఎత్తడం మా ఇళ్లలో అపశకునం. నాకు జర్మనీ నుంచి ఒక ఆఫర్, గచ్చిబౌలిలో ఇంకో కంపెనీ నుంచి ఒక ఆఫర్ వచ్చిన వారం అది. ఇక్కడి పన్ను, అక్కడి పన్ను, ఇక్కడి సెలవులు, అక్కడి సెలవులు అన్నీ పక్కపక్కన గడులు గీసి ఆమె ముందు పెట్టాను. ఆమె స్క్రీన్ వంక చూడకుండా అన్నం కలుపుకుంటూ అదే ప్రశ్న వేసింది.

"అందరూ బాగానే ఉన్నారండి" అన్నాను, కాస్త విసురుగానే.

"అయితే యాడికన్న పో తమ్ముడూ. ఒళ్లు మంచిగున్నోళ్లకు రెండు దేశాలూ ఒక్కటే."

నేను ముఖం మాడ్చుకోవడం చూసి, ముద్ద మింగి, తన జ్వరం కథ చెప్పింది. జర్మనీ వెళ్లిన మొదటి చలికాలం ఆమెకు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చిందట. మనవాళ్లు ఏం చేస్తారో అదే చేసింది. దుప్పటి కప్పుకుని, మంచం మీద నుంచే లాగిన్ అయి, జ్వరంగా ఉన్నా పనిచేస్తున్నానని అందరికీ తెలిసేలా ఒక మెయిల్ పెట్టింది. మెచ్చుకుంటారనుకుంది. గంట తిరక్కుండా మేనేజర్ ఫోన్ చేశాడు. జ్వరమైతే పనిచేయడానికి నీకెవరు అనుమతిచ్చారు అని కోప్పడి, సిస్టంలోకి రాకుండా ఆమె దారి మూయించేశాడు.

"పాస్‌వర్డ్ కొడితే తీసుకుంటలేదు. నౌకరీ ఊడిందనుకున్న. మా ఆయనకు ఫోన్ జేసి, ఇగ సామాన్లు సదురుకుందాం అని ఒకటే ఏడ్చుడు. ఆయన గాబరాలో నిజంగనే సూట్‌కేసు దించిండు. తెల్లారి డాక్టర్ దగ్గరికి పోతే వారం రెస్టని రాసిచ్చిండు. వారం పోయినంక ఆఫీసుకు పోతే ఒక్కడు గూడ ఎందుకు రాలేదని అడగలే. జీతం మొత్తం పడ్డది. నాకే సిగ్గయింది, ఏదో తప్పు జేసినట్టు."

"మరి అంత బాగుంటే ఎందుకొచ్చేశారక్కా?"

ఈ ప్రశ్నకు ఆమె దగ్గర చాలా జవాబులుండేవి. అడిగినవాణ్ని బట్టి ఒకటి తీసి ఇచ్చేది. ఒకరితో ఆదివారం దుకాణాలన్నీ బంద్, పచ్చిమిరపకాయ మరిచిపోతే సోమవారం దాకా చప్పటి కూరే అని చెప్పింది. ఇంకొకరితో చలికి తట్టుకోలేకపోయానంది. భాష రాక వాళ్లాయనకు అక్కడ పని దొరకలేదన్నది మూడో జవాబు. నేను పొరుగింటి పుల్లకూర రుచి, దూరపు కొండలు నునుపు అని మన సామెతలన్నీ ఏకరువు పెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"గట్ల ఉత్తగ అనొద్దు. నేను ఎక్కి చూసొచ్చిన కదా, ఆ కొండ నిజంగ నునుపే. నౌకరీ దొరకాలంటే నెలల తరబడి చూడాలె, కానీ దొరికినంక తియ్యాలంటే వాళ్లకు చెమట్లు పడ్తయ్. తీసినా గవర్నమెంటు కొన్నాళ్లు పైసలిస్తది. దవాఖాన కార్డు నౌకరీ పోయినా పోదు. ఇక్కడ చూడు, పొద్దున పోతే సాయంత్రానికి ఇంకో నౌకరీ దొరుకుతదని మనకు ధీమా. రోజులు మంచిగున్నప్పుడు దొరుకుతది గూడ. కానీ కార్డు మాత్రం ఆఖరి రోజుతోనే ఖతం. ఒక్కటే ఫరక్. అక్కడి కార్డుల నేనున్న, మా ఆయనున్నడు. అత్తమ్మకు జాగ లేదు. ఇక్కడి కంపెనీ పాలసీల అత్తమ్మకు జాగ ఉన్నది. అందుకే వచ్చిన."

మా కంపెనీల ఆరోగ్య బీమాలో ఒక తమాషా ఉంది. ఉద్యోగంలో చేరేటప్పుడు తల్లిదండ్రుల పేర్లు రాయాలా, అత్తమామల పేర్లు రాయాలా తేల్చుకోవాలి. రెండూ కుదరవు. కొత్తగా పెళ్లయినవాళ్ల ఇళ్లలో ఈ ఒక్క గడి దగ్గర అలకలు, నిష్ఠూరాలు జరుగుతాయి. అక్క అమ్మానాన్నల బీమా ఆమె తమ్ముడు చూసుకునేవాడు. వాళ్లాయనది చిన్న ప్రింటింగ్ వ్యాపారం, దానికి బీమా లేదు. అందుకని అత్తగారి పేరు రాసింది. అలాగని ఇద్దరికీ పొసిగేదనుకోకండి. రోజూ పొద్దున్నే వచ్చి పక్క కుర్చీలో కూలబడి, చారులో ఉప్పెక్కువైందని అత్త అన్న మాటతో మొదలుపెట్టేది. ఆ ముసలావిడ గుండె కవాటం పాడైందని, మార్చాలన్నారని కూడా ఆ ఫిర్యాదుల మధ్యలోనే మాకు తెలిసింది. "కవాటం ఖరాబైంది గానీ నోరు మంచిగనే ఉంది" అనేది.

నా జర్మనీ ఆఫర్ ఏమైందంటే, నేను ఔనో కాదో తేల్చుకునేలోపే వాళ్లే వెనక్కి తీసుకున్నారు. అక్కడ కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారట. అప్పటికే గచ్చిబౌలి ఆఫర్ కూడా జారిపోయింది. ఇక్కడా గాలి మారింది. పొద్దున పోతే సాయంత్రానికి దొరికే రోజులు పోయాయి. మా ఆఫీసులో మీటింగు గదులకు కోటల పేర్లుండేవి. మూలనున్న చిన్న గది పేరు గోల్కొండ. ఒక్కొక్కళ్లనీ ఆ గదికి పిలిచి, మీ అంతట మీరే రాజీనామా చేస్తున్నట్టు మెయిల్ పెట్టించుకోవడం మొదలుపెట్టారు. పెట్టకపోతే తీసేశామని రాస్తాం, ఇంకెక్కడా ఉద్యోగం రాదు అని చెప్పేవాళ్లు. మా బజారులో పాత కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటర్‌కు ఉన్న విలువ మనిషికి లేదు. అది శుభ్రంగా లేకపోతే కొత్త కంపెనీ వాళ్లు మన నీడ కూడా తొక్కరు. అందుకే పిలిచినవాళ్లంతా మారుమాట్లాడకుండా మెయిల్ కొట్టి, బ్యాడ్జి టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయేవాళ్లు. గోల్కొండకు పోయిండంట అంటే ఇక మనిషి లేడని అర్థం.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కను పిలిచారు. అత్తగారి ఆపరేషన్‌కు తేదీ ఖాయమైంది, బీమా కంపెనీ అనుమతి రావడమొక్కటే మిగిలింది. నోటీసు పీరియడ్ జీతం చేతిలో పెట్టి అప్పటికప్పుడే పంపేస్తున్నారు కాబట్టి, ఆ రోజు మెయిల్ పెడితే ఆ రోజే ఆఖరి పనిరోజు, దానితో పాలసీ కూడా ఆఖరు. ఇది మాకందరికీ తెలుసు. లోపలికి వెళ్లిన అక్క కాసేపటికే బయటికొచ్చింది. తన స్టీలు సీసా పట్టుకుని, కూలర్ దగ్గర నింపుకుని, గుటక గుటకగా తాగింది. నా భుజం మీద చెయ్యేసి, "సంతకం ముందు నీళ్లు తాగాలె తమ్ముడూ. లోపల తాగితే దాహం తీరుతది, గంతే. బయటికొచ్చి తాగితే బుర్ర పనిచేస్తది" అంది. తర్వాత గోల్కొండకు వెళ్లకుండా వచ్చి తన కుర్చీలో కూర్చుని పని చేసుకుంది.

వాళ్లు మళ్లీ పిలిచారు. మళ్లీ వెళ్లింది, మర్యాదగా అంతా విని, నీళ్లు తాగొస్తానని బయటికొచ్చింది. రోజూ ఇదే తంతు. మా మేనేజర్ పాపం చెడ్డవాడు కాదు. ఒకరోజు ఆమె కుర్చీ దగ్గరికే వచ్చి బతిమాలాడు.

"అక్కా, నా మీద ప్రెషర్ ఉంది. ఒక్క మెయిల్ పెట్టెయ్యండి, మీకే మంచిది."

"రాజీనామా జేస్తనని నేనెప్పుడన్న సార్? నాకు పని మంచిగనే ఉంది. వద్దనేది మీరు. తీసెయ్యుండ్రి, తీసేసినమని కాగితం మీద రాసియ్యుండ్రి."

జర్మనీలో నేర్చుకున్న పాఠమది. అక్కడ మనంతట మనమే మానేస్తున్నట్టు సంతకం పెడితే గవర్నమెంటు ఇచ్చే పైసలు కొన్నాళ్లు ఆపేస్తారు. కాబట్టి ఎవడూ తొందరపడి పెట్టడు. ఇక్కడ ఇచ్చే పైసలూ లేవు, ఆపేదీ లేదు. ఆ పాఠం ఇక్కడ చెల్లదని ఆమెకు నాకన్నా బాగా తెలుసు. కానీ తీసేశామని రాయాలంటే కంపెనీ వకీళ్లు చూడాలి, పైవాళ్లు ఒప్పుకోవాలి, దానికి రోజులు పడతాయని కూడా తెలుసు. ఆమెకు కావలసింది ఆ రోజులే.

ఆపరేషన్ అయ్యాక చూడ్డానికి వెళ్లాను. మంచం మీద ముసలావిడ అప్పటికే నర్సులకు వంటలు నేర్పుతోంది. నన్ను చూసి, "బిడ్డా, గీ కోడలు లీవు పెట్టి నా నెత్తి మీదనే కూసుంటంది. ఆఫీసుకు పొమ్మని జర నువ్వన్న చెప్పు. గట్ల నాగాలు పెడ్తే నౌకరీ ఉంటదా?" అంది. అక్క కిటికీ దగ్గర బత్తాయి ఒలుస్తోంది. తలెత్తలేదు. "ఉంటది అత్తమ్మా, నువ్వు తిను" అంది. నేను బత్తాయి తొనలు రెండు తిని లేచొచ్చేశాను.

అత్తగారు ఇంటికొచ్చిన మర్నాడు అక్క తనే గోల్కొండ తలుపు తట్టింది. అప్పటికి వాళ్ల కాగితం తయారైంది. ఉద్యోగం నుంచి తొలగించడమైనది అని ఉందందులో. ఇప్పుడైనా రాజీనామా మెయిల్ పెడితే దీన్ని చింపేస్తామన్నారట. "మస్తు తిప్పల పడి రాసిండ్రు, ఎందుకు చింపుడు" అని తీసుకుని వచ్చేసింది. నాకు ఒళ్లు మండింది. ఆపరేషన్ అయిపోయింది కదా, ఇంకెందుకీ పంతం? లిఫ్టు దగ్గర అదే అడిగాను, కొంచెం గట్టిగానే.

"అబద్ధం రాయబుద్ధి కాలె తమ్ముడూ" అంది.

దానికి ఆమె చెల్లించుకుంది. చాలాకాలం ఖాళీగా ఉంది. ఇంటర్వ్యూకు పిలిచినచోటల్లా ఆ కాగితం ముందే తీసి టేబుల్ మీద పెట్టేదట. "అక్కడ గీ కాగితం చూపిస్తే పైసలిస్తరు, ఇక్కడ చూపిస్తే కుర్చీలకెళ్లి లేస్తరు" అని ఫోన్‌లో నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. చివరికి కొండాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో, తన అనుభవానికి సగం కూడా తగని పనిలో చేరింది. ఆమె చేసింది తెలివైన పనని ఇప్పటికీ నేను అనలేను. నేనైతే ఆఖరి రోజున ఆ మెయిల్ పెట్టేసేవాణ్ని.

తర్వాత ఒకసారి నల్లగండ్లలో కూరగాయల దగ్గర కలిసింది. జుట్టు బాగా నెరిసింది. పక్కన అత్తగారు బెండకాయలు విరిచి విరిచి చూస్తూ కొట్టువాడితో తగువేసుకుంటోంది. అక్క నన్ను కొంచెం పక్కకు లాగి, పెద్ద రహస్యం చెబుతున్నట్టు చెప్పింది.

"అత్తమ్మకు పెట్టింది లోహపు కవాటం తెల్సా. సప్పుడు చేస్తది. పొద్దుగాల వంటింట్ల ఇద్దరం నిలబడ్తే ఇనిపిస్తది, టిక్కు టిక్కుమని, గడియారం లెక్క. ఆమె నన్ను తిడ్తుంటది, నాకు ఆ సప్పుడే ఇనబడ్తది." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మంచిగనే ఉంటది తమ్ముడూ ఇనడానికి" అని, బెండకాయల సంచి అందుకుని వెళ్లిపోయింది.

ఇదంతా నా బుర్రలో తిరుగుతుండగానే అమ్మాయి తిరిగొచ్చి కూర్చుంది. చేతిలో తడిసిన కాగితం గ్లాసు ఉంది.

"నీళ్లు బయటే తాగాలని నీకెవరు చెప్పారమ్మా?" అని అడిగాను.

ఆమె కంగారు పడింది. "ఎవరని కాదు సార్. మా హాస్టల్‌ల అందరూ అంటరు. గోల్కొండకు పిలిస్తే సంతకం ముందు బయటికొచ్చి నీళ్లు తాగాలని. ఎందుకో తెల్వదు."

"గోల్కొండ ఏంటి? ఈ రూమ్ పేరు మంజీర" అంది హెచ్ఆర్ ఆవిడ.

అమ్మాయి పనికి చేరేనాటికే అక్క మా పాత కంపెనీ వదిలేసి ఏళ్లయింది. ఆ కంపెనీ కూడా ఆ భవనం ఖాళీ చేసి పోయింది. మాట మాత్రం హాస్టళ్లలో మిగిలింది, ఎందుకో ఎవరికీ తెలియకుండా. నాకు తెలుసు కాబట్టి ఊరుకోలేకపోయాను. కోస్తా నోటితో ఆ తెలంగాణ ప్రశ్న అడగడం నాకే వింతగా అనిపించింది.

"ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అమ్మా?"

హెచ్ఆర్ ఆవిడ టైపింగ్ ఆపింది. ఆ ప్రశ్న మాకు రాసి పంపిన మాటల్లో లేదు. అమ్మాయి గ్లాసు అంచు నలిపింది.

"మా అమ్మకు సార్. గర్భసంచి ఆపరేషన్. వచ్చే నెల డేట్ ఇచ్చిండ్రు. మన పాలసీలనే."

హెచ్ఆర్ ఆవిడ గొంతు సవరించుకుని, ఇవన్నీ ఇక్కడ మాట్లాడకూడదండి అని నెమ్మదిగా అంది. ఆవిడ ముఖం కూడా పాలిపోయింది, అది దాచుకోవడానికి ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. "ముందు మేనేజర్‌గా ఈమె ఎగ్జిట్ మీరు అప్రూవ్ చేసేయండి సార్. మిగతాది నేను చూసుకుంటాను. ఇక్కడ నొక్కితే చాలు."

మూత తీయని సీసా ఇంకా టేబుల్ మధ్యలోనే ఉంది. నేను కుర్చీ వెనక్కి జరిపి లేచాను.

"ఒక్క నిమిషమండి" అన్నాను. "నీళ్లు తాగొస్తాను."